ట్యాపెట్ల సందు

ఒహాయోలో ఏప్రిల్ చివరికి వచ్చేసరికి గడ్డి ఆగదు. కొలంబస్ శివార్లలో మా ఇంటి చుట్టూ ఎకరం పైచిలుకు పచ్చిక. కూర్చుని నడిపే గడ్డి బండి లేకపోతే గడవదు. చలికాలమంతా షెడ్డులో ఉన్న ఆ బండి, ఆ ఏడు తాళం తిప్పగానే ఒక్క మూలుగు మూలిగి, సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పినా అంతే.

మా ఆవిడ పురిటికని అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. మామయ్యగారు ఒకప్పుడు కాలవ గట్ల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన మెకానిక్. ఇక్కడ పలకరించే మనిషి లేక విసిగిపోయి ఉన్నారేమో, ఆ మూలుగు వినగానే షెడ్డులోకి వచ్చేశారు.

పక్కింటాయన తొంగిచూసి బ్యాటరీ అన్నాడు. మీటరు పెడితే 12.6 వోల్టులు. కారు బ్యాటరీ తగిలించినా అదే సగం చుట్టు. అయితే స్టార్టర్ పోయింది, కొత్తది వేసెయ్యమన్నాడు. ఈ దేశంలో రిపేరంటే సగం సామాను మార్చడమే.

"అల్లుడుగారూ, అప్పుడే కొనకండి. ప్లగ్గు ఊడదీసి తిప్పండి," అన్నారు మామయ్యగారు.

ప్లగ్గు వైరు దూరంగా కట్టేసి తిప్పాను. ఇంజన్ గిర్రున తిరిగింది. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మలేదు. కార్బ్యురేటర్ కారి సిలిండర్లో పెట్రోలు నిండినా ఇలాగే బిగుసుకుంటుందట. అందుకని డిప్ స్టిక్ తీసి ఆయిల్ వాసన కూడా చూశారు. పెట్రోలు వాసన లేదు.

"బ్యాటరీ, స్టార్టరూ రెండూ బాగానే ఉన్నాయి. కంప్రెషన్ వదలట్లేదు. దీనికి లీవరెక్కడండీ?" అంటూ బండి చుట్టూ వెతికారు.

ఆయిల్ ఇంజన్‌కి హ్యాండిల్ కొట్టినవాళ్లకి ఆ లీవర్ తెలుసు. దాన్ని ఎత్తిపెడితే వాల్వు కొంచెం తెరుచుకుని ఉంటుంది, లోపలి గాలి ఎదురుతన్నదు. చక్రం జోరందుకున్నాక లీవర్ వదిలితే ఇంజన్ అందుకుంటుంది. ఈ గడ్డి బండికి ఆ లీవర్ బయట లేదు. కామ్ షాఫ్ట్ మీద చిన్న బొడిపెగా లోపలే ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు అది వాల్వును రవ్వంత ఎత్తుతుంది, వేగం పుంజుకోగానే తనంతట తనే తప్పుకుంటుంది. ఎత్తేది రవ్వంతే కాబట్టి, వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే ట్యాపెట్ సందు పెరిగితే ఆ ఎత్తు వాల్వు దాకా అందదు. అప్పుడు స్టార్టర్ పూర్తి కంప్రెషన్‌తో కుస్తీ పట్టి ఓడిపోతుంది.

ఇంజన్ పుస్తకం తీసి ఆ పేజీ చదివి వినిపిస్తే మామయ్యగారి ముఖం వెలిగింది. "చూశారా, ఇదీ మన ఇంజనే!"

మర్నాడు వాల్వు కవర్ విప్పాం. ప్లగ్గు రంధ్రంలో పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, కంప్రెషన్ మీద పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక ఇంకో పావు ఇంచి కిందికి దించాం. సరిగ్గా పైనే ఆపితే ఆ బొడిపె అడ్డొచ్చి కొలత తప్పుతుంది. మా ఇంజన్‌కి ఇంటేక్ వాల్వు సందు ఇంచిలో వెయ్యో వంతులు 3 నుంచి 5, ఎగ్జాస్ట్‌ది 5 నుంచి 7 ఉండాలి. ఇంటేక్ ట్యాపెట్ వేలితో కదిపితేనే టకటకలాడింది. ఫీలర్ గేజ్ రేకు పెట్టి, సన్నగా పట్టీపట్టనట్టు జారేదాకా బిగించారు మామయ్యగారు. కళ్లజోడు అత్తయ్యగారి దగ్గరే మరిచిపోయి వచ్చినా, రేకు బిగువు వేళ్లకే తెలిసిపోయింది.

అన్నీ బిగించాక సీటెక్కి కూర్చున్నారు. బ్రేకు తొక్కితేగానీ, బ్లేడు మీట దించితేగానీ తాళం పనిచెయ్యదని చెప్తే, ఇన్ని కట్టుబాట్లేమిటని నవ్వారు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఆ సాయంత్రం గడ్డంతా ఆయనే కోశారు.

మేం కొన్నది ఫీలర్ గేజ్ ఒక్కటే. మీ బండి కూడా సగం చుట్టు తిరిగి ఆగిపోతూ, ప్లగ్గు తీస్తే గిర్రున తిరుగుతుంటే, స్టార్టర్‌కి డబ్బు కట్టేముందు ట్యాపెట్లు చూసుకోండి.