పడమటి గాలి దయ

జపాను దేశపు బొమ్మల చలనచిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు మన విద్యార్థులకు వెంటనే తలపునకు వచ్చేవి యుద్ధవీరుల కథలు, యంత్రమానవుల కథలు. ఒసాము తెజుకా పేరు విన్నవారు సైతం 1963లో టెలివిజన్‌కెక్కిన యంత్రబాలుడు ‘ఆస్ట్రో బాయ్’ వద్దనే ఆగిపోతారు. ఆ మహాచిత్రకారుని సృష్టిలో ‘యూనికో’ అనే ఒంటికొమ్ము గుర్రపుపిల్ల ఒకటి ఉన్నదనీ, దాని కథ 1981లో చలనచిత్రంగా వెలువడినదనీ మన వైపు ఎరిగినవారు అరుదు. పసిపిల్లల కొరకు తీసిన ఆ చిత్రాన్ని గురించి మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచిక పాఠకులకు విన్నవించుకొంటున్నాము.

తెజుకా 1928లో ఒసాకా ప్రాంతంలో జన్మించాడు. వైద్యవిద్య అభ్యసించి పట్టా పొందినవాడు. బాల్యంలో ఆయనకు పురుగులపై ఎంత మక్కువ అంటే, తన కలంపేరులో పురుగు అని అర్థమిచ్చే అక్షరాన్ని చేర్చుకొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఒసాకాపై కురిసిన బాంబులను కన్నులారా చూశాడు. బుద్ధుని జీవితాన్ని 1972 నుండి 1983 వరకు బొమ్మల కథగా గీశాడు. ఆ మహత్తర రచన సాగుతున్న రోజులలోనే, 1976లో, సాన్రియో సంస్థవారి ‘రిరికా’ అనే పత్రికలో బాలికల కొరకు యూనికో కథను రంగుల బొమ్మలతో ప్రారంభించాడు. బుద్ధుని నిర్వేదాన్ని గీసిన చేతితోనే గుర్రపుపిల్ల కేరింతలను గీయడం ఆయనకు చిన్నతనం అనిపించలేదు. 1989లో ఆయన కన్నుమూశాడు.

కథ చాల సరళమైనది. యూనికో ఎవరి చెంత ఉంటే వారికి సంతోషం కలుగుతుంది. అయితే తనను ప్రేమించినవారి కొరకు మాత్రమే దాని మహిమ పనిచేస్తుంది. సుఖదుఃఖాలను పంచిపెట్టే అధికారం తమకే ఉండవలెనని భావించిన దేవతలకు ఇది కంటగింపు అవుతుంది. ఆ పసిదానిని విస్మృతి కొండపై విడిచిరమ్మని పడమటి గాలిని ఆజ్ఞాపిస్తారు. కాని ఆ గాలికి మనసొప్పదు. కొండకు చేర్చక, ఎక్కడెక్కడో దాచుతూ తిరుగుతుంది. దేవతలు రాత్రి గాలిని వెంట తరుముతారు.

తోషియో హిరాటా దర్శకత్వంలో తయారైన ఆ చిత్రంలో యూనికోకు రెండు స్నేహాలు లభిస్తాయి. ఒకటి ఏకాంతంలో పెరిగిన సైతాను పిల్లవానితో. వాడు మొదట కసరుకొంటాడు, పిదప విడువలేనంత దగ్గరవుతాడు. రెండవది మంత్రగత్తె కావలెనని కలలుగనే చావో అనే పిల్లికూనతో. అడవిలో ఒంటరిగా బ్రతుకుతున్న ముసలమ్మను మంత్రగత్తె అనుకొని అది ఆమె ఇంట చేరుతుంది. యూనికో మహిమతో బాలికగా మారి ఆమెకు తోడవుతుంది. స్నేహం గట్టిపడిన ప్రతిసారీ పడమటి గాలి వస్తుంది. ఉన్నచోట ఉంటే ప్రాణానికి ముప్పు కనుక, ఎత్తుకొని పోతుంది.

మేఘుని ద్వారా యక్షుడు సందేశం పంపిన కథ మనము తరగతిలో చదువుకొన్నాము. ఉర్దూ గజళ్లలో ‘సబా’ అనే పిల్లగాలి ప్రియుల కబుర్లు మోస్తుందని ఆ శాఖలోని విద్యార్థులు ఎరుగుదురు. ఆ మేఘమూ, ఆ గాలీ విడిపోయినవారిని కలుపుతాయి. తెజుకా గాలి కలిసినవారిని విడదీస్తుంది, అదీ దయతోనే. ఆ గాలి ఉద్యోగి వంటిది. పైవారి ఆజ్ఞను ఎదిరించే శక్తి లేదు, నెరవేర్చే మనసు లేదు. చేతనైనంతవరకు ఆలస్యం చేయడమే దాని ధర్మం. లోకంలో చాల మంచి ఇట్లే జరుగుతున్నదని మా నమ్మకం.

తెజుకా బొమ్మల కథలో ఇంకొక కఠినమైన నియమం ఉన్నది. ఒకచోటి నుండి మరొకచోటికి చేరేసరికి యూనికోకు పాత జ్ఞాపకాలు చెరిగిపోతాయి. మేలు చేసినవాడు మరచిపోతాడు, పొందినవారు మరువరు. ఈ నియమం మమ్ము బహుకాలం వెంటాడినది. మా తండ్రిగారిది బదిలీల ఉద్యోగం. పదవ తరగతిలోపు మేము ఐదు పాఠశాలలు మారినాము. ఇంట ఉర్దూ తప్ప ఎరుగని మేము ఒక ఊరిలో తెలుగు మాధ్యమపు బడిలో చేరవలసి వచ్చినది. ఒత్తులు, గుణింతాలు తెలియక బిక్కుబిక్కుమంటూ కూర్చొన్న మాకు, తరగతిలోని ఒక సహాధ్యాయి విరామ సమయాన వేపచెట్టు క్రింద ఇసుకలో పుల్లతో అక్షరాలు దిద్దించినాడు. ఎనిమిది మాసాలకే మళ్లీ బదిలీ. అతనికి మేము జ్ఞాపకముండుట సందేహమే. ఆ ఇసుకలోని అక్షరాలే నేడు మాకు అన్నం పెడుతున్నవి.

చలనచిత్రానికి ముందు 1979లో యూనికోపై ఒక చిన్న చిత్రం వచ్చినది. కర్మాగారపు నల్లని పొగ క్రమ్మిన ఊరిలో జబ్బుపడిన బాలికను యూనికో కాపాడే కథ అది. పిల్లల చిత్రంలో పొగగొట్టాల సంగతి ఎందుకని తెజుకా అనుకోలేదు. పిల్లలు పీల్చే గాలి కూడా పిల్లల విషయమే గదా!

విద్యార్థి మిత్రులారా! రాబోయే వేసవికి మీలో చాలమంది ఈ ప్రాంగణాన్ని వీడిపోతారు. ఉర్దూ విభాగపు మిత్రుడు తెలుగు పద్యాన్ని, తెలుగు విభాగపు మిత్రుడు గజల్‌ను పరస్పరం నేర్చుకొన్న ఈ మూడేండ్లలో ఎవరు ఎవరికి ఏమి ఇచ్చినారో లెక్క వ్రాసుకొన్నవారు లేరు. ఇచ్చినవారు మరచిపోయినా, పుచ్చుకొన్నవారు జ్ఞాపకముంచుకొనుడు. కళాశాల పాలకవర్గం వారికి మాదొక మనవి. నవంబరులో బాలల దినోత్సవం నాడు మన సమావేశ మందిరంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించి, విద్యార్థుల తమ్ముళ్లను, చెల్లెళ్లను, సిబ్బంది పిల్లలను పిలిపించగలరు. భాష తెలియని చోట కథ చెప్పే బాధ్యత మేము సంతోషంగా స్వీకరిస్తాము.