షోలవరం పందేలకు ఒక మ్యూజియం

మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం రన్‌వే మీద దశాబ్దాల పాటు మోటార్‌సైకిల్ పందేలు జరిగాయి. 1990 ప్రాంతంలో ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ వచ్చాక ఆ సందడి అటు మళ్లింది. నాటి బళ్లు, లెదర్ సూట్లు, ఫొటోలు మిగిలుంటే ఎక్కువగా ఇళ్లలోనే మిగిలుంటాయి. అందుకే వాటి కోసం కట్టాల్సిన మ్యూజియానికి డబ్బు కూడా ఇళ్ల నుంచే రావాలంటాను. వంద రూపాయల చందా ఇచ్చినవాడికి అటక మీది పాత కార్బురేటర్ కూడా గుర్తొస్తుంది. ఒక్క కంపెనీయే కట్టిస్తే దాని బళ్లకే పెద్దపీట.

ఆసుపత్రులకే డబ్బు చాలనప్పుడు ఇదెందుకంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆసుపత్రికి ప్రభుత్వాన్ని నిలదీయొచ్చు. ఈ బళ్లకు అభిమానులే దిక్కు. నా అసలు బెంగ కట్టాక వచ్చే ఖర్చు గురించి: ట్యాంకు లోపలి తుప్పు, ఎండి పగిలే రబ్బరు గొట్టాలు, మెకానిక్ జీతం. వసూలైనదాంట్లో సగం నిర్వహణకని బ్యాంకులో వేశాకే పునాది తవ్వాలి.