జేసీబీ దిగకముందే

పొదిలి చుట్టుపక్కల చేలు ప్లాట్లవుతున్నాయి. మొన్నొక వెంచర్లో మెరక చదును చేస్తుంటే పోయి నిలబడ్డాను. బకెట్ పళ్ళకు పెద్ద కుండొకటి తగిలి పెళ్ళున పగిలింది. పెంకులు లోపల నలుపు, బయట ఎరుపు. జనం రాకాసి గుళ్ళనే బృహత్ శిలాయుగపు సమాధుల్లో కనిపించే రకం.

"రాకాసి గుళ్ళ కుండలే పెద్దాయనా, శానా వస్తయ్" అని డ్రైవరు మళ్ళీ బండెక్కి తోసేశాడు. సాయంత్రానికి ఆ చోట హద్దురాళ్ళు పాతేశారు.

ఆ పెంకును నేను గుర్తుపట్టానంటే చందవరం పుణ్యమే. ఆ ఊళ్ళో గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ మీది బౌద్ధ స్తూపాన్ని 1964లో పురావస్తు పరిశోధకులు వి.వి. కృష్ణశాస్త్రి గారు గుర్తించారు. 1972, 1977 మధ్య అక్కడ తవ్వకాలు జరిగాయి. వేసవి సెలవుల్లో మా మామ వెంట పోయి నేనూ తట్టలు మోశాను. పురికొస లాగి గళ్ళు కట్టేవాళ్ళు. బెత్తెడు దిగామో లేదో "ఆపండ్రా" అని కేక. మన్ను రంగు మారిందేమోనని తవ్వకాలు చేయించే సారు మోకాళ్ళ మీద వంగి చూసేవాడు. పెంకు కనపడగానే పీకితే తిట్లే. చుట్టూ తాపీతో గీకి, కుంచెతో దులిపి, ఫొటో తీసి, ఏ గడిలో ఎంత లోతున దొరికిందో చీటీ రాసి గుడ్డసంచిలో వేసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కూలోళ్ళకు అదంతా చాదస్తంగా ఉండేది. పెంకు ఎవరిదో, ఏ కాలందో చెప్పేది అది దొరికిన చోటేనని తర్వాత చదువుకుంటే తెలిసింది.

ఆ చందవరం శిల్పాల్లో కొన్ని దొంగల పాలయ్యాయి. ఒకదాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుక్కుంది, 2016లో మన దేశానికి తిరిగిచ్చింది. ఆ శిల్పానికి ఊరూ పేరూ ఉన్నాయి కాబట్టి మనదని అడగ్గలిగాం. వెంచర్లో పగిలిన కుండ గురించి ఎవరిని అడుగుతాం?

పని మొదలుకాకముందే తవ్విచూడటం మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందే, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండపైకి చేర్చారు. ప్లాట్లకు అంత హంగామా ఏమీ అక్కర్లేదు. మిషను దిగేముందు తెలిసినవాళ్ళు ఒకసారి చేనంతా నడిచి చూసినా చాలు.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు రాసి తెలియజేయాలి. పునాదులు తీసేవాళ్ళకు నా మనవి ఒక్కటే. కుండలో, గుండ్రంగా పేర్చిన రాళ్ళో బయటపడితే పని ఆపండి. కదపకుండా ఫోన్లో ఫొటో తీసుకుని, కలెక్టరు పేర తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి రండి.