పాలకేంద్రం కేసు

హార్వర్డ్‌లో వందేళ్ల కిందట వేళ్లూనిన కేస్ స్టడీ పద్ధతి, 1961లో పుట్టిన అహ్మదాబాద్ ఐఐఎం ద్వారా మన దాకా వచ్చింది. ఒక సంస్థకు ఎదురైన చిక్కును కేసుగా రాసి విద్యార్థి చేతికిచ్చి, "మేనేజరువి నువ్వే, ఏం చేస్తావు?" అంటారు. బాగానే ఉంది. కానీ 2002లో మూతపడ్డ చిత్తూరు సహకార డెయిరీని ఎందరు పాఠంగా చెబుతారు? గెలిచినోళ్ల కథలంటేనే మనకు మోజు.

అదే చిత్తూరు జిల్లాలో, పలమనేరు పల్లెల్లో తెల్లారకముందే పాలకేంద్రం ముందు క్యాన్లతో నిలబడే ఆడవాళ్లకు ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు: చీటీలో ఫ్యాట్ ఒక పాయింటు తగ్గితే ఎంత పోతుందో, బిల్లు ఆలస్యమైతే దాణా ఎక్కడ అప్పు దొరుకుతుందో. 1946లో ఖేడా రైతులు అమూల్‌కు పునాది వేసిందీ పాల ధర తగాదాతోనే. 2023లో చిత్తూరు డెయిరీని తెరిపించే పని ఆ అమూల్‌కే ఇచ్చి భూమిపూజ చేశారు. నేనే పాఠం చెబితే, మేనేజరు కుర్చీలో మొదట ఆ ఆడవాళ్లనే కూర్చోబెడతా. ఎంబీఏ పిల్లలు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడనీ.