నంద్యాల జొన్నరొట్టె - టూరిన్ పుల్లరొట్టె

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటకు ఇరుప్రక్కల నల్లరేగడి నేలలు కలవు. కర్నూలు-కడప కాలువ నీరు పారినంతమేర వరి. నీరందని చోట్ల జొన్న, శనగ. తూర్పున నల్లమల కొండలు మనతో నడచి వచ్చుచున్నట్లే తోచును. నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రము నంద్యాల తెల్లజొన్న యను పేర కొన్ని రకములను రైతులకొసంగినది. ఈ సీమ వంట నెరుగగోరు సోదరీమణులు ముందుగా జొన్న నెరుగవలెను.

గోధుమపిండిలో జిగురు కలదు; తడిపి పిసికిన సాగును. జొన్నపిండిలో అది లేదు. అందుచే ఇచటి యిల్లాండ్రు మరగిన నీరుపోసి పిండి కలుపుదురు. ఆ వేడికి పిండి కొంత యుడికి, విడిపోక నిలుచును. పిదప పీటపై అరచేతితో తట్టుచు త్రిప్పుచు పలుచన చేయుదురు. అంచు చిట్లకుండ తట్టుట చేతివాటముచే వచ్చునుగాని చెప్పిన వచ్చునది కాదు. పెనముపై కాలిన రొట్టెను పొయ్యిసెగకు ఆరనిచ్చినచో కరకరలాడు ఎండురొట్టె యగును. తేమ పోయినది గనుక కొన్ని దినములు నిలుచును. ఆళ్లగడ్డ మీదుగా పోయి అహోబిలము కొండ నెక్కువారికి మూటగట్టుకొనుటకు ఇంతకన్న అనువైన దేది?

నేడు సాయంకాలమున వీథిప్రక్క పొయ్యి పెట్టుకొని రొట్టెలు తట్టి అమ్ము స్త్రీలు నంద్యాలలో కానవత్తురు. కొనువారిలో పలువురి యిండ్లలో ఒకప్పుడు రోజూ రొట్టెచప్పుడు వినవచ్చినదే! కొనుట తప్పనను. కాని తల్లి చేయి చూడక కూతురికి ఈ పని యెట్లబ్బును?

ఇటలీదేశమున టూరిన్ నగరమువారును ఈ కరకరనే కోరిరి. వారి గ్రిస్సీని పెన్సిలువలె సన్నని రొట్టెపుల్ల. 17వ శతాబ్దమున అరుగుదల లేని యొక రాకుమారునికై దీనిని కల్పించిరని అచట కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, సూత్రము మన యెండురొట్టెదే: సన్నగా చేసి, లోని తేమ పోవువరకు కాల్చుట.

పిల్లలు అంగడి పుల్లలకై మారాము చేసినచో ఇంటనే చేయవచ్చును. మైదా 200 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, ఉప్పు ఒక చెంచా, పొడి ఈస్టు ఒక చెంచా, వేరుసెనగనూనె రెండు పెద్దచెంచాలు తీసికొనుడు. గోరువెచ్చని నీటితో చపాతిపిండికన్న కొంచెము మెత్తగా కలిపి, పది నిమిషములు పిసికి, పొంగువరకు గంటసేపు మూయుడు. జొన్న ఇంతకన్న హెచ్చైనచో సాగక తెగును. నువ్వులద్ది, చిటికెనవ్రేలికన్న సన్నగా లాగి, 190 డిగ్రీల ఓవెనులో సుమారు 20 నిమిషములు ఎఱ్ఱబడువరకు కాల్చుడు. ఓవెను లేనివారు దళసరి గిన్నెలో ఉప్పు పోసి, పైన పళ్లెముంచి, మూతవేసి సన్నని సెగపై కాల్చవచ్చును, ఆలస్యమగును, అంతే. నూనెలో వేయింపకుడు. వేయించినచో అవి జంతికలకు చుట్టములగును!

ఈ సీమవారు బుడ్డలనెడి వేరుసెనగల కారప్పొడి నేతితో కలిపి అద్దుకొనిన మిక్కిలి రుచి. పూర్తిగా చల్లారినపిదపనే డబ్బాలో పెట్టుడు. వానదినములలో మెత్తబడిన పుల్లలను ఐదు నిమిషములు సెగపై నుంచినచో మరల ఫెళ్లున విరుగును.