మంచు ఆగిన మర్నాడు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతోనే నెట్టుకొస్తాం. ధనుర్మాసం తెల్లవారుజామున గడ్డిపరకల మీద నిలిచేదీ మంచే, లంబసింగి దారిలో ఎదురొచ్చే లారీని కనపడనివ్వనిదీ మంచే, హిమాలయాల నెత్తిన ఉండేదీ మంచే. మన చేతికందే మంచు ఏదైనా పొద్దెక్కితే దానంతటదే పోతుంది, ఎవరూ ఎత్తిపోయనక్కర్లేదు, కాబట్టి ఒక్క మాట చాలింది. న్యూజెర్సీలోనో టొరంటోలోనో కాపురం పెట్టిన తెలుగువాళ్లు మాత్రం ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడుకున్నా దాన్ని స్నో అనే అంటారు. అది ఇంగ్లీషు మోజు కాదు. పొద్దెక్కినా పోని వస్తువుకి వేరే పేరు కావలసి వచ్చింది, అంతే. రాత్రంతా అడుగు మందాన కురిసి, తెల్లవారేసరికి నీలాకాశం కింద ఏమీ ఎరగనట్టు మెరుస్తూ పడివుంటుంది. ఇండియాలో ఉన్నవాళ్లకు వీడియో కాల్‌లో చూపించడానికి అంతకు మించిన సమయం లేదు. ఆ కాల్ పెట్టేశాక అసలు ప్రశ్న మొదలవుతుంది. దీన్ని ఎత్తేదెవరు?

ఉత్తర అమెరికా నగరాల్లో చాలావాటి జవాబు విచిత్రంగా ఉంటుంది. కార్లు తిరిగే రోడ్డు మీది మంచు నగరానిది. మనుషులు నడిచే ఫుట్‌పాత్ మీది మంచు, ఆ ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఇల్లు ఎవరికుంటే వాళ్లది. న్యూయార్క్‌లో దీనికి గడియారం పెట్టి మరీ లెక్క ఉంది. పట్టపగలు మంచు ఆగితే నాలుగు గంటల్లోగా దారి తియ్యాలి, రాత్రి తొమ్మిది దాటాక ఆగితే మర్నాడు పదకొండింటికల్లా తియ్యాలి, లేకపోతే జరిమానా. మాసాచుసెట్స్ న్యాయం ఇంకా తమాషాగా నడిచింది. పడ్డ మంచును పడ్డట్టే వదిలేసిన యజమాని స్థలంలో ఎవరైనా జారిపడితే అది ప్రకృతి చేసిన పని. అదే పారతో ఎత్తి గుట్టపోస్తే, ఆ గుట్ట కరిగి, నీరు మళ్లీ గడ్డకట్టి, దాని మీద ఎవరైనా జారితే మాత్రం యజమాని చేసిన పని. ముట్టుకున్నవాడికి శిక్ష, ముట్టుకోనివాడికి రక్ష. ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2010లో గాని ఈ తేడాను కొట్టెయ్యలేదు. రోడ్డునూ ఫుట్‌పాత్‌నూ ఇలా పంచడంలోనే తప్పుందని, నడిచే దారిని కూడా ఊరే శుభ్రం చెయ్యాలని నా వాదన. ఇది ఖర్చుతో కూడిన మాటే, దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ పని ఎంతో చూద్దాం. ఇంటి ముందు ఫుట్‌పాత్ పదిహేను మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకోండి. దాని మీద ముప్ఫై సెంటీమీటర్ల మంచు. కొత్తగా పడ్డ మంచు ఘనపు మీటరుకు వంద కిలోల దాకా తూగుతుంది. గుణిస్తే 675 కిలోలు, అంటే 75 కిలోల వడ్ల బస్తాలు తొమ్మిది. వాన కలిసిన తడి మంచయితే దీనికి మూడింతలు కావచ్చు. తొమ్మిది బస్తాలు దించాలంటే మన దగ్గర హమాలీలను పిలుస్తాం. అక్కడ మాత్రం, వారమంతా కుర్చీలో కూర్చుని కంప్యూటరు చూసిన మనిషి, పరగడుపున, సున్నాకు దిగువ చలిలో, ఆఫీసు వేళ దాటిపోతోందన్న తొందరలో ఎత్తుతాడు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. పార నిండా మంచు లేపేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. కాళ్లు కదలకుండా చేతులతో బరువు లాగే పనికి రక్తపోటు ఒక్కసారి ఎగబాకుతుంది. కెనడాలోని క్విబెక్‌లో 1981 నుంచి 2014 దాకా ఆసుపత్రి లెక్కలను హిమపాతం లెక్కలతో సరిచూసిన పరిశోధకులకు, ఇరవై సెంటీమీటర్ల మంచు పడిన మర్నాడు మగవాళ్లలో గుండెపోటు చావుల ముప్పు సుమారు మూడోవంతు పెరిగినట్టు కనిపించింది. ఆడవాళ్లలో అలాంటి పెరుగుదల కనపడలేదు. పార ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఈ తేడాకు కారణమై ఉంటుందని వాళ్ల అనుమానం. పార పట్టింది ఎవరో ఆ లెక్కల్లో రాసి లేదు గనక అది అనుమానం దగ్గరే ఆగింది. 2022 క్రిస్మస్‌కు బఫెలో నగరాన్ని ముంచిన తుపానులో పోయిన నలభైమందికి పైగా మనుషుల్లో కూడా, చలికి బయట చిక్కుకుపోయినవాళ్లతో పాటు మంచు ఎత్తుతూ గుండె ఆగినవాళ్లున్నారు.

ఇంతా ఎత్తి, లోపలికొచ్చి టీ పెట్టుకునేలోగా స్నో ప్లౌ లారీ వస్తుంది. దాని ముందున్న రేకు ఏటవాలుగా ఉంటుంది, రోడ్డు మీది మంచును కుడివైపుకు ఒరుసుకుంటూ పోతుంది. కుడివైపు ఉన్నది ఫుట్‌పాత్ అంచు, ఇప్పుడే శుభ్రం చేసిన డ్రైవ్‌వే నోరు. లారీ వదిలిపోయే ఆ గట్టు ఆకాశం నుంచి పడ్డ మంచులాంటిది కాదు. నలిగి, ఉప్పునీళ్లు తాగి, ఇసుక కలిసి, గంటలో సిమెంటు దిమ్మలా బిగుసుకుంటుంది. అంటే నగరం తన వంతు శుభ్రం చేసి ఆ చెత్తను పౌరుడి వంతులో పోసి, తియ్యకపోతే జరిమానా అంటోంది.

ఇక్కడ మన సంస్కారంలోంచే ఒక అభ్యంతరం వస్తుంది. ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకుంటే ఊరంతా శుభ్రమే కదా, ఇంటి ముందు కళ్లాపి చల్లి ముగ్గేసే చోటు కూడా మున్సిపాలిటీదే, దాని కోసం మున్సిపాలిటీ మనిషిని పిలుస్తామా? మంచి మాటే, నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ దుమ్ముకూ దారికీ తేడా ఉంది. వీధిలో పది ఇళ్లుంటే తొమ్మిదిళ్లవాళ్లు ఊడ్చుకున్నా వీధి తొమ్మిది పాళ్లు శుభ్రంగా ఉన్నట్టే. మంచులో ఆ లెక్క చెల్లదు. తొమ్మిదిళ్ల ముందు దారి తీసి పదో ఇంటి ముందు మోకాలి లోతు మంచు ఉంటే, తొమ్మిది కమానులు కట్టి పదోది వదిలేసిన వంతెన అది. నడిచేవాడు పదో ఇంటి దగ్గర రోడ్డు మీదికి దిగాలి, అదీ మంచు గట్లతో సగానికి సగం ఇరుకైపోయిన రోడ్డు మీదికి, బ్రేకు వేస్తే జారే కార్ల ముందుకు. ఆ పదో ఇల్లు ఎప్పుడూ ఉంటుంది. అందులో ఎనభై ఏళ్ల ముసలామె ఉంటుంది, లేదా ఫ్లోరిడాకు వెళ్లిపోయిన యజమాని ఉంటాడు, లేదా బ్యాంకు జప్తు చేసి తాళం వేసిన ఖాళీ కొంప ఉంటుంది. ఎవరి వాకిలీ కాని బస్‌స్టాపు ఉంటుంది. అందరి మంచితనం మీద నిలబడే దారి, ఒక్కరి అశక్తతతో తెగిపోతుంది.

మూల మలుపు దగ్గర నిలబడి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రెండు వీధులు కలిసే చోట, ఫుట్‌పాత్ వాలుగా రోడ్డులోకి దిగుతుంది. చక్రాల కుర్చీ కోసం, పిల్లల బండి కోసం వేసిన వాలు అది. రెండు వీధుల నుంచి వచ్చిన రెండు ప్లౌలూ తమ మంచును తెచ్చి పోసేది సరిగ్గా అక్కడే. గుట్ట నడుము ఎత్తుకు లేస్తుంది. మొదటి మనిషి ఎక్కి దిగిన అడుగుల్లోనే తక్కినవాళ్లు అడుగులేస్తారు. మధ్యాహ్నం ఎండకు ఆ అడుగుల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, సాయంత్రానికి గాజులా గడ్డకడతాయి. ఉప్పు చల్లితే సరిపోతుందంటారు గాని, చలి సున్నాకు తొమ్మిది పది డిగ్రీలు దిగువకు పోయాక మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. పనిచేసిన రోజుల్లో కూడా అది చివరికి వాగుల్లోకీ చెరువుల్లోకీ దిగుతుంది. ఆ గుట్టను రోజూ ఎక్కి దిగేది ఎవరు? కారు లేనివాళ్లు. యూనివర్సిటీ నుంచి బస్సు దిగి రెండు చేతులా కిరాణా సంచులు మోసుకొచ్చే విద్యార్థులు, వాళ్లలో గుంటూరు, కరీంనగర్ పిల్లలు తక్కువేమీ కాదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగిన ఆయా. మనవణ్ణి చూడ్డానికి ఆరు నెలలకని వచ్చి, సాయంత్రపు నడక మానలేని తాతగారు.

నడిచేవాళ్లు కొద్దిమంది, కార్లు అందరికీ ఉన్నాయి, అంబులెన్సుకూ ఫైరింజనుకూ రోడ్డే కావాలి, కాబట్టి రోడ్డే ముందు అన్నది ఇంకో అభ్యంతరం. అంబులెన్సు వెళ్లే పెద్ద రోడ్లు ముందు తెరవాలన్నదాంట్లో తగువే లేదు. కాని పెద్ద రోడ్డు రెండోసారీ మూడోసారీ నల్లగా తేలేదాకా గీకుతూ ఉండగా బస్‌స్టాపుకు దారి లేకపోవడం అవసరం వల్ల వచ్చింది కాదు, అలవాటు వల్ల వచ్చింది. ఈ అలవాటు వెనక రాజకీయం ఉంది. 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్ మీద పదిహేను అంగుళాల మంచు పడింది. మాన్‌హాటన్ త్వరగానే తేరుకుంది, క్వీన్స్ వీధులు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. 42 మంది పోయారు, అందులో సగం క్వీన్స్‌లోనే. చూడ్డానికి వెళ్లిన మేయర్ జాన్ లిండ్సేను జనం తిట్టిపోశారు. ఆ ఏడాది సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయిన ఆయన మరో పార్టీ టికెట్ మీద ఎలాగో గట్టెక్కాడు. షికాగో మేయర్ మైకేల్ బిలాండిక్‌కు ఆ అదృష్టం కూడా లేదు. 1979 జనవరిలో ఇరవై అంగుళాలు పడ్డాక, శివార్ల నుంచి వచ్చే రైళ్లను తొందరగా నడిపించడానికి నల్లజాతివాళ్ల పేటల స్టేషన్లలో ఆపకుండా పోనిచ్చారు. ఫిబ్రవరి ఆఖర్లో జరిగిన ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఆయన ఓడిపోయాడు. అప్పటినుంచి ప్రతి మేయరుకూ రోడ్డు మీది మంచంటే వణుకు. ఫుట్‌పాత్ మంచుకు పదవి పోయిన మేయరు కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు. షికాగో కథలో కూడా దెబ్బతిన్నవాళ్లు స్టేషను దాకా నడిచి వెళ్లి నిలబడ్డవాళ్లేనన్న సంగతి జనం మరిచిపోయారు.

ఖర్చు మాటకొస్తే, చేస్తున్న ఊళ్లున్నాయి. మాంట్రియల్‌లో ఫుట్‌పాత్‌ను కూడా నగరమే శుభ్రం చేస్తుంది. ట్రాక్టరులో సగం కూడా లేని చిన్న బండ్లు ఫుట్‌పాత్‌ల మీద గీకుతూ పోతాయి. తర్వాత సైరన్ మోగించి, రోడ్డు పక్కన నిలిపిన కార్లను తీయించి, మంచును లారీల్లోకి ఎగజిమ్మి ఊరవతల పారబోస్తారు. పాత ఫ్రాంకన్ క్వారీలో పోసిన మంచు వేసవిలో కూడా నల్లటి కొండలా కనిపిస్తుంది. టొరంటోలో పాత నగర భాగాల్లో ఇంటివాళ్ల మీదే ఉండే ఈ పనిని 2021 చలికాలం నుంచి నగరమే ఎత్తుకుంది. ఇవి డబ్బున్న ఊళ్లు అనవచ్చు. స్వీడన్‌లోని కార్ల్‌స్కూగా చిన్న పట్టణం. అక్కడివాళ్లు డబ్బు పెంచలేదు, వరస మార్చారు. పిల్లల బడులు, కాలిబాటలు, సైకిలు దారులు ముందు, పెద్ద రోడ్లు తర్వాత. ఎనిమిది సెంటీమీటర్ల మంచులో కారు నడపడం కన్నా పిల్లల బండి తొయ్యడం కష్టమన్న చిన్న గమనిక మీద నిలబడ్డ మార్పు అది. జారిపడి తుంటి విరిగినవాళ్ల ఆసుపత్రి బిల్లు కూడా చివరికి ప్రజల డబ్బే కదా, ఆ లెక్క మంచు పద్దులో రాయం గనక ఫుట్‌పాత్ ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది.

స్టాక్‌హోమ్‌ను చూపించి నవ్వేవాళ్లున్నారు. ఆ నగరం కూడా ఈ పద్ధతి పట్టాక, 2016 నవంబరులో ఆ నెలకు రికార్డయినంత మంచు ఒక్క ఊపున కురిసింది, బస్సులు ఆగిపోయాయి, కాలిబాటలు కూడా తేలలేదు. కాలిబాటలు ముందు అన్నందుకే ఈ గతి అని పత్రికల్లో ఎగతాళి చేశారు. కాలిబాటలు కూడా తేలలేదంటే తప్పు వరసలో లేదు. బండ్లు చాలకపోవడంలో, చలికాలం ఇంకా రాలేదనుకుని ఏమరుపాటుగా ఉండటంలో ఉంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. చేతిలో బండ్లు లేకుండా పద్ధతి ప్రకటిస్తే, పద్ధతికే చెడ్డపేరు వస్తుంది.

పౌరుల పారకే వదిలేస్తే ఇంకోటి కూడా జరుగుతుంది. తవ్వినవాడు తవ్విన చోటు తనదంటాడు. షికాగోలో రోడ్డు పక్కన కారు మేర మంచు తవ్వుకున్నవాళ్లు ఆఫీసుకు పోతూ అక్కడ విరిగిన కుర్చీయో ఇస్త్రీ బల్లో పెట్టిపోతారు. దానికి డిబ్స్ అని పేరు, తీసి కారు పెట్టినవాడి టైర్లకు గాలి ఉండదు. బోస్టన్ నగరం దీన్ని సగం ఒప్పుకుంది, తుపానుకని ప్రకటించిన స్నో ఎమర్జెన్సీ ఎత్తేశాక 48 గంటల దాకా కుర్చీకి హక్కుంది. చెమటోడ్చినవాడి మీద జాలి ఉండాల్సిందే. కాని అందరి రోడ్డు ఒక కుర్చీ కింద సొంత ఆస్తి అయిపోవడానికి మూలం అతని స్వార్థం కాదు, అతనికి ఆ పని అప్పజెప్పినవాళ్ల బద్ధకం.

అదే బోస్టన్‌లో 2014-15 చలికాలంలో 110 అంగుళాల మంచు పడింది. తలుచుకుంటే నగరం ఏం చెయ్యగలదో అప్పుడు తెలిసింది. వీధుల్లోంచి లారీల మీద లారీలు తోలి, రేవు దగ్గరి ఖాళీ జాగాలో 75 అడుగుల గుట్ట పోశారు. వసంతం వచ్చి పోయినా ఆ గుట్ట పోలేదు. పైన మట్టి, చెత్త పేరుకుని, అదే కంబళిలా కప్పుకుని లోపల చల్లగా ఉండిపోయింది. ఎప్పుడు కరుగుతుందో చెప్పండని మేయరు పోటీ కూడా పెట్టాడు. జూలై 14న కరిగింది. పార పడక వదిలేసిన ఫుట్‌పాత్‌ల మీది మంచుకు ఎవరూ పోటీలు పెట్టలేదు. అది అంతకు చాలా ముందే, ఏప్రిల్ ఎండకు, దానంతటదే పోయింది.