నిజాము తలపాగా, నల్లజీడి చుక్కలు

ఆగస్టు మాసమున బహ్రెయినులోని సల్మానియాలో ఏసీ చెడిపోవుట యే పురాణములోని నరకమునకును తీసిపోదని, మొన్న రాత్రి రెండుగంటల వేళ, తడిసిన దుప్పటి వీపునకంటుకొనగా లేచి కూర్చుండి నేను నిర్ధారణ చేసికొంటిని. మరమ్మతు చేయువాడు "రేపు" అనియుండెను. ఆ రేపునకు అప్పటికే మూడు దినముల వయస్సు. ఎండ నాకు శత్రువు కాదు. రామగుండములో పెరిగినవానికి ఎండ మేనమామ వంటిది. ఓర్వరానిది ఈ తేమ. సముద్రమే ఆవిరియై వచ్చి గదిలో పీట వేసికొని కూర్చున్నట్లుండును. డబ్బాలోని ఉప్పు నీరగును, ఇంటినుండి వచ్చిన అప్పడములు పాతగుడ్డలవలె వ్రేలాడును. చేయునది లేక మేడపైకి పోయితిని. ఒకవైపు పెద్దాసుపత్రి దీపములు. ఈశాన్యమున, ముహర్రఖ్ లో దిగుచున్న విమానపు దీపములు.

ఆ దీపములు కనబడినప్పుడెల్ల నాకొక పిచ్చి రేగును. నా మిత్రులందరును ఆ కథ విని విని పారిపోవుచున్నారు గనుక ఇప్పుడు పాఠకుని చేయి పట్టుకొంటిని. నేడు మన కరీంనగరువారును, నిజామాబాదువారును, గోదావరి జిల్లాలవారును తాళ్లు కట్టిన అట్టపెట్టెలతో దిగు ఆ నేలయే ఒకప్పుడు బ్రిటిష్ వైమానిక స్థావరము. 1958 అక్టోబరులో అచ్చట పునఃస్థాపితమై 1967 వరకు కొలువుండిన దళము పేరు 152వ హైదరాబాదు స్క్వాడ్రన్. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ధనమునకు గుర్తుగా వచ్చిన పేరది. దళచిహ్నము నిజాము తలపాగా. 1940లో ఇంగ్లాండు ఆకాశమున, తరువాత బర్మా సరిహద్దున ఆ తలపాగా యుద్ధము చేసినది. 1948లో నిజాము రాజ్యము పోయినది, 1956లో హైదరాబాదు రాష్ట్రమును పంచుకొంటిమి. తల లేదు, సింహాసనము లేదు, తలపాగా మాత్రము తొమ్మిదేండ్లు ఈ ఎడారిదీవిలో ఎగిరినది!

ఈ మాటనే రెండేండ్ల క్రిందట ఒక విందులో చెప్పబోగా, పెరుగన్నము కలుపుకొనుచున్న మిత్రుడొకడు తలయెత్తకయే "అది మన హైదరాబాదు కాదండీ, సింధులోది" అనెను. పదిమంది నవ్విరి. నేనింటికి పోయి చిహ్నపు బొమ్మ సంపాదించి అర్ధరాత్రి పంపితిని, సమాధానము రాలేదు. మరునాడు కలిసినప్పుడు అతడు వాతావరణమును గూర్చి మాటాడెను. ఇప్పటికిని పెరుగన్నము చూచినచో నాకు సింధు దేశము జ్ఞప్తికి వచ్చును.

ఆ హైదరాబాదు దళము ఇచ్చట నున్న కాలముననే, ఒమానులో జబల్ అఖ్దర్ పర్వతముపై సాగిన పోరు 1959 జనవరిలో ముగిసినది. 1961లో కువైటు సంక్షోభము వచ్చినది. చరిత్రకారులు వీనిని వ్రాయుదురు. నాకు కావలసినది, ఆ దళమున రెంచీ పట్టుకొని ట్విన్ పయనీర్ విమానముల క్రింద దూరిన కుర్రవాడు. మధ్యాహ్నవేళ లోహమును ముట్టుకొనిన చేయి కాలును; నడుము నిండ చెమటకాయలు; ఉప్పుమాత్రలు మ్రింగుచు నీళ్లు త్రాగుట; ఉత్తరమునకై ఎదురుచూచుట; మరల చెమట. శత్రువు ఎన్నడో కనబడునేమో గాని, చెమట నిత్యము హాజరు. ఆ కుర్రవాని చేతిలోనిదియు మన రూపాయియే. ఈ దీవిలో చెల్లినది భారత రూపాయి. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశములకై వేరుగా నోట్లచ్చు వేసినది. 1965లో దీనారు వచ్చువరకు అవియే చెలామణి. ఇంగ్లాండు పల్లెటూరివాడు బహ్రెయినులో రూపాయి లెక్కపెట్టుకొని, టీని 'చార్' అనియు, ఉతుకుడును 'ధోబీ' అనియు పిలిచినాడన్నచో, పరదేశి యెవడో తేల్చుట కష్టము.

ధోబీ యనగానే మరియొక సంగతి. రెండవ ప్రపంచ యుద్ధమున మన దేశమునకు వచ్చిన అమెరికా సైనికులకు మెడవెనుకను, నడుమువద్దను పొక్కులు లేచి దురద పుట్టెడిది. వైద్యులు వెదకి వెదకి, బట్టలపై ధోబీ పెట్టిన నల్లజీడి గుర్తే కారణమని కనుగొనిరి. మా ఊరిలో నడిగియున్నచో ఒక్క నిమిషములో చెప్పియుందురు! మా చాకలి అవ్వ జీడిగింజను సూదితో పొడిచి, ఆ రసమును బట్ట అంచున చుక్కలుగా పెట్టి, పైన సున్నమద్దెడిది. ఇక బట్ట చినుగవలసినదే గాని చుక్క పోదు. అక్షరము రాని ఆమె తలలో నలువది ఇండ్ల చుక్కలుండెడివి. మూట విప్పి, అంచు తిరుగవేసి, "గిది మీది కాదు బిడ్డా, మీది మూడు సుక్కలు, గిది పటేలోల్లది, రెండు సుక్కలు ఒక గీత" అని తీసి ప్రక్కన పెట్టెడిది.

ఆమె జ్వరపడి కొడుకు మూట తెచ్చిన వారముననే మా తాత మంథనిలో పెండ్లికి పోయెను. పందిరిలో ఎదుట కూర్చున్న పటేలుగారు భోజనమైనంతసేపును తాత మోకాలివంకనే చూచుచుండెనట. తాతకు అర్థము కాలేదు. చేయి కడుగుకొనుటకు వంగినప్పుడు అంచు తిరుగబడినది: రెండు చుక్కలు, ఒక గీత. పటేలుగారు పలుకలేదు, తాత కండువా విప్పి నడుమునకు చుట్టుకొని, బండి కట్టించుకొని తాంబూలమైన అందుకొనకయే వచ్చి నాయనమ్మపై విరుచుకుపడెను. ఆమె విస్తరాకులు కుట్టుచు శాంతముగా వినెను. పంచె మారినదని ఆమె తీసి ఇచ్చిననాడే కనిపెట్టినదట. పటేలుగారి నూలు మన నూలుకంటె సన్నము గనుక, పెండ్లికి బాగుండునని యూరకున్నదట.